గళ్ళ చీరకు జేజే

కిందటేడు ఒక సెమినార్‌కి గళ్ళ చీర కట్టుకెళ్ళాను. ఎరుపు, నలుపు, ఆవపువ్వు పసుపు కలిసిన పెద్ద గళ్ళ నూలు చీర. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, అద్దంలో చూసుకుని, "ఫర్వాలేదు, డాక్టరేటు ఉన్న మనిషిలాగే ఉన్నావు" అని నాకు నేనే చెప్పుకుని మరీ బయలుదేరాను. టీ విరామంలో ఒక పెద్దాయన, నాకు గురుతుల్యులే, నవ్వుతూ, "ఏమ్మా, లుంగీ కనపడటం లేదని ఇంట్లో మీ ఆయన వెతుక్కోవటం లేదు కదా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. కోపం మాత్రం ఇంటికొచ్చి చీర మడత పెడుతున్నప్పుడు వచ్చింది. మన కోపాలు సిటీ బస్సుల్లాంటివి, మనం ఆటో ఎక్కేశాక వస్తాయి.

ఆ పెద్దాయనకి ఇవ్వాల్సిన జవాబు కోసం మొదలుపెట్టిన చదువే ఈ వ్యాసం. చదువుతున్నకొద్దీ కోపం తగ్గి సరదా పెరిగింది. గళ్ళ గుడ్డ తిరిగినన్ని దేశాలు, పడినన్ని పాట్లు, చూపించినంత కొంటెతనం మరే గుడ్డకైనా ఉన్నాయా అనిపించింది.

ముందు మాట సంగతి. మనకి గడి అంటే చదరంగపు బల్ల మీద ఒక ఇల్లు. బహువచనంలో గళ్ళు. అదే మాటకి చివర దీర్ఘం తీసి తెలంగాణలో గడీ అంటే దొర కాపురమున్న కోట. ఒక్క దీర్ఘంలో ఎంత తేడా! ఇంగ్లీషులో 'చెక్' కూడా చదరంగం నుంచి పుట్టిందే. పారశీకంలో రాజుని షా అంటారు. ఆటలో రాజుకి ఆపద వచ్చినప్పుడు పలికే ఆ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వెళ్ళి చెక్ అయింది. తరువాత ఆ బల్ల మీది గళ్ళకి పేరయింది, ఆపైన గళ్ళ గుడ్డకి పేరయింది. అంటే గళ్ళ చీర కట్టుకున్నప్పుడల్లా మనం ఒక రాజుని ఇరకాటంలో పెడుతున్నామన్నమాట. ఈ వ్యుత్పత్తి నాకు బాగా నచ్చింది. ఇక ప్లాయిడ్ అనేది స్కాట్లాండు కొండవాళ్ళ గేలిక్ భాషలో దుప్పటి. చలికి కప్పుకునే దుప్పటి పేరు గళ్ళ పేరుగా స్థిరపడిపోయింది.

ఇంతకీ గళ్ళు ఎలా పడతాయి? ఇది నాకు పుస్తకాలు చెప్పలేదు, అమ్మమ్మ చెప్పింది. అమ్మమ్మ వాళ్ళది చీరాల దగ్గర పల్లె. తాతయ్య గుంట మగ్గం మీద కూర్చుని నేసేవాడు. అమ్మమ్మ పక్కనే నేల మీద కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. గళ్ళ గుడ్డలో అచ్చు వేసేది ఏమీ ఉండదు, అద్దేది ఏమీ ఉండదు. ఉన్నదంతా రంగునూలే. పడుగులో ఇన్ని పోగులు ఎరుపు, ఇన్ని నలుపు అని లెక్క కట్టి పోస్తారు. పేకలోనూ అదే లెక్క నడుస్తుంది. ఎరుపు మీద ఎరుపు పడ్డచోట నిండు ఎరుపు, ఎరుపు మీద నలుపు పడ్డచోట ఆ రెంటికీ పుట్టిన కొత్త రంగు. రెండు రంగుల నూలుతో మూడు రంగులు కనిపిస్తాయి. మూడు పెడితే ఆరు, నాలుగు పెడితే పది. ఎక్కడా బొట్టు రంగు అదనంగా వేయరు. నేత మనిషి లెక్క తప్పాడా, గడి వంకర పోతుంది. రంగు మారినప్పుడల్లా నాడె మారాలి, ఆ రంగు కండె చేతికి సిద్ధంగా ఉండాలి. లేకపోతే మగ్గం ఆగుతుంది. మా ఇంట్లో మగ్గం ఎప్పుడూ ఆగలేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా, చంటిపిల్ల ఒళ్ళో ఉండగా కండెలు మాత్రం సిద్ధంగా ఉండేవి. "నేసేది ఎవరు?" అని అడిగితే అమ్మమ్మే, "మీ తాత" అనేది. "మరి నువ్వు?" అంటే, "నేనేం జేస్తానే, కండెలు జుట్టిపెడతా" అనేది.

అమ్మమ్మ మాట నాకు మళ్ళీ వినిపించింది ఎలిజబెత్ వేలాండ్ బార్బర్ పుస్తకంలో. 'విమెన్స్ వర్క్: ద ఫస్ట్ 20,000 ఇయర్స్' అని 1994లో వచ్చింది. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అనే చోట పాత ఉప్పు గనులున్నాయి. రెండున్నర వేల ఏళ్ళ పైబడిన గళ్ళ గుడ్డ పేలికలు ఆ ఉప్పులో ఊరి, రంగు కూడా పోకుండా మిగిలాయి. ఆ గళ్ళనే తన చెల్లెలితో కలిసి మగ్గం మీద మళ్ళీ నేసి చూసింది బార్బర్. ఆమె వాదన ఇదీ: పసిపిల్లలున్న చోట ప్రమాదం లేనిది, మధ్యలో ఆపి మళ్ళీ అందుకోగలిగేది, ఇంటి నుంచి దూరం పోనక్కర్లేనిది కాబట్టి వడకటం, నేయటం చాలా ప్రాచీన సమాజాల్లో స్త్రీల పని అయ్యాయి. కుండ పగిలినా పెంకు మిగులుతుంది. గుడ్డ మాత్రం మట్టిలో కలిసిపోతుంది, దానితోపాటు నేసిన వాళ్ళ చరిత్రా పోతుంది. అందుకే ఉప్పులో దొరికిన ఆ పేలికంటే నాకు గౌరవం. మా పప్పూ ఉప్పూ వంటిళ్ళ చరిత్రకి అదైనా సాక్ష్యం ఉంది.

ఇప్పుడు స్కాట్లాండు వెళ్దాం. గళ్ళనగానే లోకమంతా తలుచుకునేది అక్కడి టార్టన్‌నే కదా. 1746లో కలోడెన్ యుద్ధంలో కొండవాళ్ళ తిరుగుబాటును అణిచేశాక బ్రిటిష్ ప్రభుత్వం వాళ్ళ దుస్తుల మీద నిషేధం పెట్టింది. అది 1747 ఆగస్టు నుంచి అమలయింది. సైన్యంలో ఉన్నవాళ్ళు తప్ప మగవాళ్ళెవరూ, పిల్లవాళ్ళతో సహా, ఆ కొండ దుస్తులు వేసుకోకూడదు, టార్టన్ పైకోట్లు తొడగకూడదు. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు. రెండోసారి దొరికితే ఏడేళ్ళ ద్వీపాంతరం. గళ్ళ గుడ్డకి ద్వీపాంతరం! 1782 దాకా ఈ చట్టం నడిచింది.

ఇందులో నాకు నవ్వు తెప్పించిన సంగతి ఏమిటంటే, చట్టం మగవాళ్ళనే పేర్కొంది. ఆడవాళ్ళ ఊసే లేదు. వాళ్ళు ఏ గళ్ళు కప్పుకున్నా రాజ్యానికి ముప్పు లేదనుకున్నారు చట్టం రాసిన పెద్దమనుషులు. లెక్కలోకి తీసుకోకపోవటం కూడా ఒక్కోసారి ఇలా కలిసొస్తుంది. మొగుళ్ళ గళ్ళు పెట్టెల్లోకి పోయిన కాలంలో ఆడవాళ్ళ భుజాల మీది గళ్ళకి చట్టం అడ్డం రాలేదు.

ఆ గుడ్డ తయారీలోనూ వాళ్ళ చేతులే ఎక్కువ. ఊలు వడికింది వాళ్ళు. రాళ్ళ మీది నాచులూ మొక్కల వేళ్ళూ ఉడికించి రంగు వేసింది వాళ్ళు. మగ్గం దిగిన ఊలు గుడ్డ చిక్కబడాలంటే నిలవ ఉంచిన మూత్రంలో నానబెట్టి బల్ల మీద బాదాలి. బల్ల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని, తడిగుడ్డని ఒకరి నుంచి ఒకరికి జరుపుతూ, లయగా బాదుతూ పాడేవాళ్ళు. ఒకామె చరణం ఎత్తుకుంటే మిగతావాళ్ళు పల్లవి అందుకునేవాళ్ళు. ప్రేమలు, వియోగాలు, ఊళ్ళో మగవాళ్ళ మీద వెక్కిరింతలు, అన్నీ ఆ పాటల్లోనే. గేలిక్ భాషలో స్త్రీల కవిత్వం మనదాకా మిగలటానికి ఈ బల్ల ఒక పెద్ద కారణం. మన దంపుళ్ళ పాటల సేకరణలు చదివినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. రోకలి బదులు తడిగుడ్డ, వడ్ల వాసన బదులు ఇంకో వాసన, అంతే తేడా.

తరువాత కథ తమాషాగా మారింది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చాడు. ఏర్పాట్లన్నీ నవలాకారుడు వాల్టర్ స్కాట్ చేతుల మీదుగా జరిగాయి. నిన్నటిదాకా నేరమైన గళ్ళని రాజు తానే నడుముకి చుట్టుకుని, కాళ్ళు కనపడకుండా ఒంటిరంగు మేజోళ్ళు తొడిగి దర్బారుకు వచ్చాడు. దాంతో ప్రతి పెద్ద కుటుంబానికీ "మా వంశపు గళ్ళు" కావాల్సి వచ్చాయి. వ్యాపారులు అప్పటిదాకా అంకెలు వేసి అమ్మిన డిజైన్లు కూడా వంశాల పేర్లు తెచ్చుకున్నాయి. 1842లో ఇద్దరు అన్నదమ్ములు ప్రాచీన రాతప్రతి దొరికిందంటూ ఏ వంశానికి ఏ గళ్ళో చెప్పే పుస్తకం అచ్చేశారు. ఆ ప్రతి కల్పితమని ఆనక తేలింది. అయినా గళ్ళు మాత్రం ఆ పేర్లతోనే నిలిచిపోయాయి. "అనాదిగా వస్తున్న ఆచారం" అని ఎవరైనా మనకి బొట్టూ చీరా గురించి పాఠం చెప్పబోతే ఈ అన్నదమ్ముల్ని గుర్తు చేసుకోవాలి. ఇంకో చేదు నిజం కూడా ఉంది. కొండవాళ్ళ మీద నిషేధించిన ఆ గళ్ళే వాళ్ళ పటాలాలకి యూనిఫామై, 1857లో లక్నోలో మన వాళ్ళ మీదికి తుపాకీ పట్టుకొచ్చాయి.

స్కాట్లాండు గళ్ళు ఊలువి. మనవి నూలువి, వాటి ప్రయాణం ఇంకా పెద్దది. ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో 1611లోనే వర్తకం మొదలుపెట్టింది, 1639లో మద్రాసులో కోటకి చోటు సంపాదించింది. కోరమాండల్ తీరంలో తెలుగు, తమిళ నేతగాళ్ళు నేసిన గళ్ళ గుడ్డలు ఓడలెక్కి 'మద్రాసు' అన్న పేరుతో లోకం చుట్టాయి. గజం పొడవు, గజం వెడల్పు ఉన్న చదరపు గుడ్డకి 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' అని వ్యాపారనామం. చీరాల చుట్టుపక్కల పల్లెల్లో వాటిని రుమాళ్ళు అనేవాళ్ళు. మా తాతయ్య నేసినవి ఇవే. "అంతేసి రుమాళ్ళతో ముక్కు తుడుచుకుంటారంటనా? ఎంతేసి ముక్కులో ఆళ్ళవి!" అని ఆశ్చర్యపోయేది అమ్మమ్మ.

ఆ రుమాళ్ళు ఎక్కడికి పోయాయో తెలిశాక కాసేపు నవ్వు ఆగిపోయింది. పద్దెనిమిదో శతాబ్దంలో పశ్చిమ ఆఫ్రికా తీరాన మనుషుల్ని కొనటానికి యూరపు ఓడలు పట్టుకెళ్ళిన సరుకుల్లో భారతదేశపు నూలు బట్టలు ముఖ్యమైనవి. గుడ్డలిచ్చి మనుషుల్ని తీసుకున్నారు. మన తీరాన చుట్టిన కండె ఆ లెక్కల పుస్తకంలోనూ ఉంది. నేసిన వాళ్ళకి ఆ సంగతి తెలిసే దారి లేదు. వేడుకగా రాస్తున్న వ్యాసమని నేను దీన్ని దాటేయలేను.

అయితే ఆ ఓడలు దిగిన స్త్రీలు అదే గుడ్డతో ఏం చేశారో కూడా చెప్పాలి. నా పరిశోధన కరీబియన్ స్త్రీల నవలల మీద. అక్కడి దీవుల్లో నల్లజాతి స్త్రీలు మద్రాసు రుమాలుని తలకి చుట్టారు. 1780 ప్రాంతంలో అగొస్తీనో బ్రూనియాస్ అనే ఇటలీ చిత్రకారుడు డొమినికా దీవిలో వేసిన బజారు బొమ్మల్లో గళ్ళ తలగుడ్డలు కనిపిస్తాయి. 1786లో, స్పెయిన్ పాలనలో ఉన్న న్యూ ఆర్లీన్స్‌లో, గవర్నరు మీరో ఒక ఉత్తర్వు ఇచ్చాడు. స్వేచ్ఛ పొందిన నల్లజాతి స్త్రీలు జుట్టుకి ఈకలూ నగలూ పెట్టుకోకూడదు, గుడ్డతో కప్పుకోవాలి. తెల్ల స్త్రీలతో సమానంగా మెరిసిపోతున్నారని ఆ మంట. మంచిది, కప్పుకున్నారు! లోకంలో ఉన్న మెరుపు రంగులన్నీ ఏరి, గళ్ళ రుమాళ్ళని ఎత్తుగా, వయ్యారంగా చుట్టారు. ముసుగు వేయమంటే కిరీటం పెట్టుకున్నారు. చివరికి ఆ పద్ధతి తెల్ల స్త్రీలకీ నచ్చి వాళ్ళూ చుట్టుకున్నారు.

మార్టినీక్, గ్వాడలూప్ దీవుల్లో ఆ చుట్టుకి భాషే పుట్టింది. రుమాలు కొన ఒకటి నిలబెడితే "నా మనసు ఖాళీగా ఉంది" అని. రెండు కొనలైతే "మాటిచ్చాను, అయినా నువ్వు ప్రయత్నించి చూడొచ్చు". మూడైతే "పెళ్ళయింది, దారి చూసుకో". నాలుగైతే "ఎవరొచ్చినా చోటుంది" అని చెప్పుకుంటారు. జీన్ రిస్ రాసిన 'వైడ్ సర్గాసో సీ' (1966) నవలలో క్రిస్టొఫీన్ అనే మార్టినీక్ స్త్రీ జమైకాలో ఉంటూ కూడా తన దీవి పద్ధతిలోనే, ముందువైపు రెండు కొనలు నిలబెట్టి తలగుడ్డ కడుతుంది. తీసిస్ రాసే రోజుల్లో ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన "సాంస్కృతిక అస్తిత్వం" అని గంభీరంగా రాసుకున్నాను. కొనల భాష తెలిశాక ఆ పక్కన ఇంకొక ఆశ్చర్యార్థకం పెట్టాను. ఎవరి అండా లేకుండా బతికే ఆ మనిషి రెండు కొనలతో ఎవరిని ఊరిస్తోందో! ఇప్పటికీ సెయింట్ లూసియా, డొమినికా దీవుల జాతీయ దుస్తుల్లో మద్రాసు గళ్ళు ఉన్నాయి.

అన్నిటికన్నా నాకు నచ్చింది నైజీరియాలోని కలబారి స్త్రీల పని. నైజర్ నది డెల్టాలో ఉండే వీళ్ళు మన గళ్ళ గుడ్డని ఇంజిరి అంటారు. పుట్టిన బిడ్డ దగ్గర నుంచి చనిపోయిన పెద్దల దాకా ప్రతి ఘట్టంలో దానికి చోటుంది. కానీ అక్కడి స్త్రీలకి వచ్చిన గుడ్డని వచ్చినట్టు కట్టటం ఇష్టం లేదు. బ్లేడు పెట్టి ఎంచుకున్న పోగుల్ని ఒక్కొక్కటిగా కోసి లాగేస్తారు. లాగిన చోట గుడ్డ జాలీలా పలచబడి, పాత గళ్ళలోంచి కొత్త డిజైను తేలుతుంది. దాన్ని పెలెటె బిటె అంటారు, పోగు కోసిన గుడ్డ అని అర్థం. మనవాళ్ళు పోగు పోగూ చేర్చి గడి కడితే, వాళ్ళు పోగు పోగూ తీసి దాన్ని తమది చేసుకున్నారు. అరువు తెచ్చుకున్న భాషలో రచయిత్రులు చేసేది కూడా ఇదే కదా అని నా తీసిస్‌లో ఒక అధ్యాయం రాయదగ్గ సంగతి. అప్పటికి నాకు తెలియదు.

అమెరికా ముచ్చట చిన్నదే. 1958 ప్రాంతంలో ఒక అమెరికన్ దిగుమతిదారు మద్రాసు గళ్ళ గుడ్డ వేల గజాలు కొని పెద్ద బట్టల కంపెనీకి అమ్మాడు. ఇటు నుంచి అమ్మింది తరువాత లీలా హోటళ్ళు పెట్టిన కృష్ణన్ నాయర్. చల్లని నీళ్ళలో విడిగా ఉతకాలన్న మాట కొన్నవాళ్ళ దాకా చేరలేదు. చొక్కాల రంగు దిగి గోల మొదలైంది. చివరికి "రంగు దిగుతుందని మా హామీ" అన్నట్టు ప్రకటనలిచ్చి దాన్నే గొప్పగా అమ్ముకున్నారు. మన ఇళ్ళలో రంగు దిగితే తప్పు ఉతికినామెది. అక్కడ దిగితే ఫ్యాషన్!

ఆపైన గళ్ళు ఎక్కని వేదిక లేదు. 1939 'విజర్డ్ ఆఫ్ ఆజ్' సినిమాలో డొరొతీ నీలం గళ్ళ గౌను. 1959లో బ్రిజిత్ బార్డో పెళ్ళికి వేసుకున్న గులాబీ గళ్ళ గౌను. పెళ్ళిపట్టులూ జరీలూ ఏమీ లేవు, మన పిల్లల స్కూలు యూనిఫామ్ లాంటి గుడ్డ. డెబ్బైల్లో వివియన్ వెస్ట్‌వుడ్ రాజవంశాల టార్టన్‌ని చింపి పిన్నీసులు గుచ్చి పంకు కుర్రకారుకి తొడిగింది. కట్టెలు కొట్టేవాళ్ళ గళ్ళ ఫ్లానెల్ చొక్కాని అమెరికాలో చాలామంది లెస్బియన్ స్త్రీవాదులు తమ గుర్తుగా చేసుకున్నారు. 'క్లూలెస్' (1995) సినిమాలో పసుపు గళ్ళ కోటూ స్కర్టూ వేసుకున్న షెర్‌ని చూసి మా హాస్టల్లో అమ్మాయిలంతా నిట్టూర్చాం. రాజుకి, తిరుగుబాటుదారుకి, స్కూలు పిల్లకి, లుంగీ కట్టిన రిక్షా కార్మికుడికి ఒకేలా కుదిరే గుడ్డ ఇంకోటి చూపించండి!

మళ్ళీ లుంగీ దగ్గరికొచ్చాం. 1985 చట్టం కింద చేనేతకే కేటాయించిన వస్త్రాల్లో లుంగీ ఒకటి. అంటే ఆ పెద్దాయన వెక్కిరించిన గుడ్డని కాపాడటానికి పార్లమెంటు కూర్చుంది. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద నేతా, అనుబంధ పనులూ చేసేవాళ్ళు 35.22 లక్షల మంది అని తేలింది. వాళ్ళలో నూటికి డెబ్బైకి పైగా స్త్రీలే. ఈశాన్య రాష్ట్రాల్లో మగ్గం మీద కూర్చునేదే స్త్రీ కాబట్టి ఆ వాటా అంత కనిపిస్తుంది. మన దగ్గర మాత్రం నేతన్న అనే అంటాం. నేతక్క అన్న మాట వినటం తక్కువ. కండెలు చుట్టినామెకి అసలు పేరే లేదు.

ఇక దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. ఆ పెద్దాయన కన్నా ముందు ఆ జోకు నేనే వేశాను. డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరేటప్పుడు, మచ్చ పడి షావుకారు వెనక్కి పంపిన రుమాళ్ళని అతికించి అమ్మమ్మ నాకు పంజాబీ డ్రెస్సు కుట్టించింది. "లుంగీ గుడ్డతో డ్రెస్సేంటి అమ్మమ్మా, కాలేజీలో నవ్వుతారు" అన్నాను. అమ్మమ్మ కోప్పడలేదు. "ఓడెక్కి పొయ్యే గుడ్డలమ్మా ఇయ్యి" అని మాత్రం అంది, మడిచి పెట్టెలో పెట్టేసింది. ఎక్కడికి పోతాయో ఆమెకి తెలియదు, తెలుసుకోగలిగిన చదువు నాకొచ్చేసరికి చెప్పటానికి ఆమె లేదు. సెమినార్లో నాకు కోపం ఆలస్యంగా రావటానికి కారణం బహుశా ఇదే. సగం కోపం నా మీదే.

ఈ సంక్రాంతికి ఊరెళ్ళి అమ్మమ్మ పెట్టె తీశాను. డ్రెస్సు చిమటలు తినేశాయి. అడుగున ఒక్క రుమాలు బాగానే ఉంది, ఎరుపు, నలుపు, పసుపు. గంజి వాసన కూడా పోలేదు. అద్దం ముందు నిలబడి మార్టినీక్ పద్ధతిలో తలకి చుట్టుకోబోయాను. ఎన్ని కొనలు పెట్టాలో తేల్చుకోవటానికి చాలాసేపు పట్టింది. పెళ్ళయినదాన్ని కాబట్టి మూడు పెట్టాలి. క్రిస్టొఫీన్ మీది గౌరవం కొద్దీ రెండు పెట్టాను.

అమ్మ గుమ్మంలోంచి చూసి, "ఏందే ఆ తలగుడ్డ? తలనొప్పా?" అంది.

"కాదమ్మా, అమ్మమ్మ రుమాళ్ళతో ముక్కు తుడుచుకునేవాళ్ళు కాదంట, ఇదుగో ఇట్టా కట్టుకునేవాళ్ళంట" అన్నాను. అమ్మ లోపలికొచ్చి, చేతి తడి కొంగుకి తుడుచుకుని, రుమాలు అంచు పట్టుకుని చూసింది. "ఈ కండెల్లో సగం నేను చుట్టినయ్యే" అంది.

ఇన్నేళ్ళలో ఆ మాట నేను వినటం అదే మొదటిసారి. నేనూ ఎప్పుడూ అడగలేదు.